సన్నాయి ప్రైవేట్ లిమిటెడ్

దొప్పలకొండ నరసింహస్వామికి కోపం ఎక్కువని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. అందుకే ఆయన గుడిలో ఏ రూలు మారినా అర్చకులకు చెబుతారు, వంటవాళ్ళకు చెబుతారు, చెప్పుల స్టాండు దగ్గర కూర్చునే ముసలమ్మకు కూడా చెబుతారు గాని, స్వామికి మాత్రం చెప్పరు. ఈసారి మారిన రూలు ఆయన చెవిన పడి ఉంటే కళ్యాణం దాకా ఆగేవాడు కాదు. ఏ స్తంభం దొరికితే ఆ స్తంభం చీల్చుకుని బయటికి వచ్చేవాడు.

రూలు పైఆఫీసు నుంచి దిగింది. దేవస్థానంలో ఒప్పందం మీద పనిచేసేవారు ఎవరూ ఇకమీదట వ్యక్తులుగా పనిచేయరాదు. వ్యక్తి అన్నాక జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్ళి వస్తుంది, అప్పుడప్పుడు కోర్టుకు పోదామన్న బుద్ధి కూడా పుడుతుంది. సంస్థకు ఇవేవీ ఉండవు. కాబట్టి ప్రతివారూ రెంటిలో ఒకటి తేల్చుకోవాలి. ఏదైనా గొడుగు సంస్థ కిందికి చేరి, దాని మనిషిగా రావాలి. అది ఇష్టం లేకపోతే తన పేరు మీద తానే ఓ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, ఆ కంపెనీగా రావాలి. స్వామివారి కళ్యాణం లోపు ఏదో ఒకటి కానివారి సేవలు దేవస్థానానికి అక్కర్లేదు.

"ఈ సంస్కరణ ఫలితంగా," అని ఈవో ప్రభంజనరావు గారు కళ్యాణ మండపంలో అందరినీ కూర్చోబెట్టి సెలవిచ్చారు, "మానవ వనరుల వినియోగమందు పారదర్శకత, జవాబుదారీతనం, తదనుగుణమైన సామర్థ్యాభివృద్ధి నెలకొనగలవని ఇందుమూలముగా ఆశించడమైనది."

ఆయన మామూలుగా మాట్లాడినా కాగితం చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కూడా కాఫీ అడగరట, కాఫీ నిమిత్తం తగు చర్య తీసుకోమంటారట.

వెనక వరసలో సన్నాయి పానకాలు చెయ్యి ఎత్తాడు. అతని తాత ఆ గుడిలో సన్నాయి ఊదాడు, తండ్రి ఊదాడు, ఇతనూ మీసాలు రాకముందు నుంచి ఊదుతున్నాడు.

"నేను మనిషిగానే వస్తే కుదరదా సార్?"

ఈవో గారు పక్కనే కూర్చున్న కన్సల్టెంటు హరనాథ్ వైపు చూశారు. ఇతన్ని పట్నం నుంచి సంస్కరణల కోసం తెప్పించారు. ఒళ్ళో లాప్‌టాప్, దాని మీద విభూతి ప్యాకెట్టు పెట్టుకుని కూర్చున్నాడు.

"మనిషి అనేది పాత మోడల్ అండీ," అన్నాడు హరనాథ్ మెత్తగా. "మనిషిగా మీరు ఇంట్లో ఉండొచ్చు. మాకేం అభ్యంతరం లేదు. ఇక్కడికి వచ్చేటప్పుడు మాత్రం సంస్థగా రండి."

"కళ్యాణం లోపల కాకపోతేనో?"

హరనాథ్ మండపం మూలకు చూపించాడు. అక్కడ నీలం పట్టా కింద ఏదో నిలబడి ఉంది. పట్టా తీశారు. మోటారు, దానికి బిగించిన డప్పు, రెండు గంటలు, ఓ జత తాళాలు. మీట నొక్కితే అన్నీ ఒకేసారి దబదబా మోగాయి. మండపం కప్పులో పావురాలన్నీ లేచిపోయాయి. ఈవో గారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు.

పానకాలుకు బెంగ పట్టుకుంది. నెల నెలా వచ్చే జీతం సంగతి కాదు. పెళ్ళిళ్ళకు ఊదుకుని బతకగలడు. కాని ఏటా కళ్యాణంలో అర్చకులు మాంగల్యం పైకెత్తి "గట్టిమేళం!" అనగానే అతని సన్నాయి, బావమరిది ఏడుకొండలు డోలు ఒక్క గొంతుతో లేచేవి. ఆ క్షణంలో జనం అక్షింతలు చల్లుతూ ఏడుస్తారు, నవ్వుతారు, ఇతనికి మాత్రం ఏమీ కనబడదు. ఆ ఒక్క నిమిషం కోసమే మిగతా సంవత్సరమంతా ఊదుతున్నాడు. దాన్ని ఓ మోటారుకు అప్పగించడం అతని వల్ల కాదు.

ఆ సాయంత్రం పానకాలు ఇంటి అరుగు మీద పంచాయతీ జరిగింది. ఛత్రచ్ఛాయ మ్యాన్‌పవర్ సర్వీసెస్ అనే గొడుగు సంస్థ తాలూకు ఏజెంటు నున్నగా దువ్వుకుని వచ్చి, పానకాలు భార్య సౌభాగ్యం ఇచ్చిన మజ్జిగ తాగుతూ విషయం విడమర్చాడు.

"మా కిందికి వస్తే మీకే తలనొప్పీ ఉండదు. జీతం మాకొస్తుంది. మేం మా ఖర్చులు పట్టుకుని మిగిలింది మీకిస్తాం. పీఎఫ్ మేం చూస్తాం, ఇన్సూరెన్స్ మేం చూస్తాం. యూనిఫాం కూడా మేమే ఇస్తాం."

"సన్నాయికి యూనిఫాం ఏంది?" అంది సౌభాగ్యం.

"అందరికీ ఒకటేనమ్మా. ఖాకీ."

డోలు ఏడుకొండలు సౌభాగ్యానికి తమ్ముడు. ఒళ్ళు కదలకుండా జరిగే పనేదైనా అతనికి ఇష్టం, ఒళ్ళు వంచేది ఒక్క డోలు దగ్గరే. అతను వెంటనే తల ఊపాడు.

"బావా, ఇదే బాగుంది. సంతకం పెట్టేసి హాయిగా పడుకుందాం. కంపెనీ అంటే లెక్కలు, ఆడిటర్లు, ఢిల్లీకి కాగితాలు. నీకెందుకొచ్చిన గోల? నువ్వు నీ చొక్కా గుండీ ఊడితే మా అక్కను పిలుస్తావు."

"ఇంకోడి కిందికి పోయి, ఇంకోడి ఖాకీ తొడుక్కుని ఊదాలంటావా? మా తాత స్వామికి తప్ప ఎవరికీ చెయ్యి కట్టుకుని నిలబడలేదురా."

"మీ తాతకు పీఎఫ్ లేదు బావా."

నిజానికి పానకాలు మనసులో ఇంకో సంగతి ఉంది. హరనాథ్ ఇచ్చిన కరపత్రంలో, కంపెనీ పెట్టుకున్నవారిని డైరెక్టరు అంటారని రాసి ఉంది. ఆ మాట అతనికి రాత్రంతా చెవిలో మోగింది. అంతకుముందు అతన్ని ఎవరూ మేళగాడని తప్ప పిలిచిన పాపాన పోలేదు.

"నేను కంపెనీయే పెడతా," అన్నాడు పొద్దున్నే. "నువ్వు కూడా రారా, ఇద్దరం కలిసి పెడదాం."

"నేను రాను. నువ్వే గొడుగు కిందికి రా."

"నీ డోలు నీది, నా సన్నాయి నాది. పో."

చిన్నప్పటి నుంచి వాళ్ళిద్దరూ పోట్లాడుకునేది తాళం దగ్గరే. తాళం తప్పింది నువ్వంటే నువ్వని మొదలుపెట్టి మళ్ళీ పాట మొదలయ్యే లోపు మరిచిపోయేవాళ్ళు. ఈ పోట్లాట మాత్రం మరపు రాలేదు. ఏడుకొండలు ఛత్రచ్ఛాయలో చేరాడు. పానకాలు పట్నం వెళ్ళి పానకాలు నాదస్వరం ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకుని వచ్చాడు.

ప్రైవేట్ లిమిటెడ్‌కు ఇద్దరు డైరెక్టర్లు ఉండాలన్నారు గనక సౌభాగ్యం రెండో డైరెక్టరయింది. సగం వాటా ఆమెది. పానకాలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు గాని, ఆమె పట్టించుకుంది. ఆడిటరు ఫోనులో చెప్పినవన్నీ శ్రద్ధగా విని, మొదటి బోర్డు మీటింగు వంటింట్లో పెట్టింది. పానకాలు పీట వేసుకుని కూర్చోబోతే ఆపింది.

"నోటీసు ఇచ్చావా?"

"ఏం నోటీసే?"

"మీటింగుకు ముందు నోటీసియ్యాలంట. అజెండా రాయాలంట. నువ్వట్టా ఊరికే వచ్చి కూర్చుంటే చెల్లదంట."

"అన్నం తినడానికొచ్చా."

"అయితే అది మీటింగు అయిపోయినాక."

ఆ మీటింగులో కంపెనీ తీర్మానం చేసింది ఏమిటంటే, డైరెక్టరు పానకాలు ఇకమీదట గుడి నుంచి వస్తూ దారిలో పేకాట దగ్గర ఆగరాదు. అతను వ్యతిరేకంగా ఓటు వేశాడు. ఓట్లు సమానమయ్యాయి. అధ్యక్షులెవరో వాళ్ళ ఓటు నెగ్గుతుందంది సౌభాగ్యం. అధ్యక్షులెవరని అతను అడిగితే, అన్నం గిన్నె ఎవరి చేతిలో ఉందో చూసుకోమంది.

ఇక ఏడుకొండలు సంగతి. ఛత్రచ్ఛాయ వారి కంప్యూటరులో ఉద్యోగాలు నాలుగే రకాలు: సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, డ్రైవరు, డేటా ఎంట్రీ. డోలు వీటిలో దేనికిందికి వస్తుందని ఏజెంటు చాలాసేపు ఆలోచించి, గట్టిగా శబ్దం చేసి జనాన్ని అప్రమత్తం చేసే పని కనక సెక్యూరిటీలో వేశాడు. అతనికి ఖాకీ చొక్కా, ప్యాంటు, టోపీ, విజిల్ ఇచ్చారు. మర్నాడు తెల్లవారుజామున సేవకు ఏడుకొండలు టోపీతో డోలు కట్టుకుని నిలబడితే, అర్చకులు ఎవరినో అరెస్టు చేయడానికి వచ్చారనుకుని గర్భాలయంలోకి జారుకున్నారు.

ఓసారి ఏడుకొండలుకు జ్వరమొచ్చింది. రూలు ప్రకారం సంస్థ బదులు మనిషిని పంపాలి. పంపింది. ఏదో ఆసుపత్రి గేటు దగ్గర పనిచేసే ఆజానుబాహువు వచ్చాడు. డోలు వంక అనుమానంగా చూసి, దాని పక్కన కుర్చీ వేసుకుని సేవ అయ్యేదాకా కాపలా కాశాడు. హాజరు పడింది. హరనాథ్ చాలా సంతోషించాడు.

"చూశారా? వ్యక్తి మీద ఆధారపడటం పోయింది," అన్నాడు.

ఈ లోపల ఆడిట్ వారు ఓ సందేహం లేవదీశారు. మేళం అనేది ఒకటే సేవ. దానికి ఇద్దరు వేర్వేరు కాంట్రాక్టర్లకు చెల్లించడం ఎలా? ఒకే సేవకు రెండు చెల్లింపులా? ఈవో గారు ఉలిక్కిపడి, వెంటనే కుమ్మక్కు నివారణ చర్యలు చేపట్టారు. పొద్దున సేవకు పానకాలు కంపెనీ సన్నాయి మాత్రం ఊదాలి. సాయంత్రం సేవకు ఛత్రచ్ఛాయ డోలు మాత్రం మోగాలి. ఇద్దరూ ఒకేసారి వాయిస్తే టెండరు పవిత్రత దెబ్బతింటుంది.

అలా పొద్దున తాళం లేని పాట, సాయంత్రం పాట లేని తాళం మొదలయ్యాయి. పొద్దున భక్తులు ఎవరికి దుఃఖం కలిగిందోనని అటూ ఇటూ చూసేవారు. సాయంత్రం భక్తులు చిందులేయాలా వద్దా అని తేల్చుకోలేక సగం వేసి ఆగేవారు. పానకాలు ఊదుతూ ఊదుతూ, ఏడుకొండలు దరువు వేయవలసిన చోట అలవాటుగా ఆగేవాడు. ఆ చోట ఏమీ వినబడేది కాదు. ఇంటికొచ్చి సన్నాయిని గోడకు తగిలించి పడుకునేవాడు.

అంతటితో అయిపోలేదు. కంపెనీ అన్నాక సరఫరాదారు. సరఫరాదారు అన్నాక సరుకు. దేవస్థానానికి వచ్చే సరుకు ఏదైనా ముందు ఉగ్రాణంలో జమ కావాలి. బియ్యం, నెయ్యి, జీడిపప్పు అన్నీ ఆ గదిలోకే వెళ్ళి, గుమాస్తా చూసి రాసుకున్నాకే వంటకు వెళతాయి. రాగాలకు మాత్రం మినహాయింపు ఎందుకని హరనాథ్ అడిగాడు. ఈవో గారు వెంటనే సంతకం పెట్టారు.

అప్పటి నుంచి పానకాలు తెల్లవారుజామునే ముందు ఉగ్రాణానికి వెళ్ళి, కందిపప్పు బస్తాల మధ్య నిలబడి భూపాల రాగం ఊదేవాడు. గుమాస్తా నిద్రకళ్ళతో విని, తరుగేమీ లేదని నిర్ధారించుకుని రాసుకునేవాడు. తర్వాత దాన్ని స్వామివారికి ఇష్యూ చేస్తూ చీటీ ఇచ్చేవాడు. ఆ చీటీ చూపించి గర్భాలయం ముందు మళ్ళీ ఊదాలి. రెండోసారి ఊదినప్పుడు మొదటిసారి కంటే ఓ సంగతి, అంటే రాగంలో ఓ కొత్త మెలిక, ఎక్కువ పలికిందని ఒకరోజు గుమాస్తా వెంటబడి వచ్చాడు.

"జమ చేసింది తక్కువ, ఇష్యూ అయింది ఎక్కువ. ఎక్స్‌ట్రా ఎక్కడిదయ్యా?"

"మనసుకు తోచింది, వచ్చేసిందండీ."

"అట్టా తోచకూడదు. రేపు ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది."

ఓ శనివారం గుమాస్తా మరదలి సీమంతానికి వెళ్ళాడు. ఉగ్రాణానికి తాళం. ఆ రోజు స్వామి చడీచప్పుడూ లేకుండా లేచాడు.

కళ్యాణం దగ్గరపడింది. పైఆఫీసు నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. కళ్యాణోత్సవ మేళానికి ఒక్క సంస్థకే అనుమతి. సన్నాయి, డోలు రెండూ ఒకే సంస్థ కింద ఉంటే సరే, లేదంటే మెషీనే.

ఇది విన్న రోజు పానకాలు పేకాట దగ్గర ఆగలేదు, తీర్మానానికి భయపడి కాదు. నేరుగా ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"నాదే తప్పు. డైరెక్టరని పిలిపించుకోవాలని మోజుపడ్డా. వాడి డోలు లేకుండా నా సన్నాయి ఎందుకే? కంపెనీ ఎత్తేసి నేనే గొడుగు కిందికి పోతా."

"మరి ఖాకీ?"

"తొడుక్కుంటా."

సౌభాగ్యం ఇక నోటీసు, అజెండా ఏమీ అడగలేదు. కొంగుతో కళ్ళొత్తుకుని, "కంపెనీ మూసెయ్యడానికి డైరెక్టరు సౌభాగ్యానికి అభ్యంతరం లేదు, రాస్కో," అంది.

కంపెనీ మూత కాగితాల మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ కాగితాలు ఈవో గారి ఆఫీసులో ఇచ్చేసి, పానకాలు ఛత్రచ్ఛాయ ఆఫీసుకు వెళ్ళాడు. ఏజెంటు దువ్వెన జేబులో పెట్టుకుని విచారంగా తల అడ్డంగా తిప్పాడు.

"అయ్యో, నిన్న వచ్చినా బాగుండేది. మా దగ్గర డోలు పోస్టుకు అనుబంధంగా సన్నాయి పోస్టు ఇయ్యొచ్చు. కాని ఇప్పుడు డోలు పోస్టే లేదు. మీ బావమరిది పొద్దున రాజీనామా ఇచ్చేశాడు."

"ఎందుకు?"

"మీ కంపెనీలో చేరతానని."

పానకాలు కొండ మెట్ల దగ్గరికి పరుగెత్తుకు వచ్చేసరికి ఏడుకొండలు ఎదురుగా వస్తున్నాడు. పంచె కట్టుకున్నాడు, భుజాన డోలు ఉంది. ఖాకీ చొక్కా, టోపీ, విజిల్ తిరిగి అప్పగించేసి, పానకాలు కంపెనీలో వాటా కావాలని ఈవో గారి ఆఫీసుకు వెళితే, ఆ కంపెనీ ఇప్పుడే చచ్చిపోయిందని చెప్పి పంపారట.

ఇద్దరూ మెట్టు మీద కూలబడ్డారు.

"నాకు చెప్పొద్దంట్రా?"

"నువ్వు చెప్పావా బావా? నీకు ఆశ్చర్యంగా ఉంటుందని చెప్పలా."

"ఉందిరా. చాలా ఉంది."

ఏడుకొండలు ముందు నవ్వాడు. తర్వాత పానకాలు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ పానకాలు ఏడ్చేశాడు. ఆ ఏడుపులో కొంత హాయి కూడా ఉంది, చాలా రోజులకు బావమరిది పక్కన కూర్చున్నాడు గనక. ఇప్పుడు వాళ్ళు ఏజెన్సీ కారు, కంపెనీ కారు, ఉత్తి మనుషులు. మనుషులకు కళ్యాణంలో చోటు లేదు.

సంగతి విన్న సౌభాగ్యం, ఇద్దరు తెలివిగలవాళ్ళు తన ప్రాణానికే దొరికారని నెత్తి కొట్టుకుని, చీర మార్చుకుని కొండెక్కింది. ఈవో గారి గది బయట జవాను ఆపాడు.

"ఏ హోదాలో వచ్చారు?"

"మొన్నటి దాకా డైరెక్టర్ని. ఇప్పుడేమీ కాదు. స్వామికి దండం పెట్టుకుని, సారుతో రెండు మాటలు చెప్పిపోదామని."

"భక్తులా!" అన్నాడు జవాను. తలుపు బార్లా తెరిచాడు.

సౌభాగ్యం తన జన్మలో అంత మర్యాద చూడలేదు. కుర్చీ వేశారు. ఫ్యాను తిప్పారు. తీర్థం ఇచ్చారు. ఈవో గారు స్వయంగా లేచి నిలబడ్డారు. హరనాథ్ రంగుల పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, అమ్మగారికి ఏ సేవ కావాలో ఎంచుకోమన్నాడు. టికెట్టు కొనే మనిషి ఒక్కడే ఆ గుడిలో మనిషిగా మిగలడానికి అనుమతి ఉన్నవాడని ఆమెకు అప్పుడు బోధపడింది.

పుస్తకం తిప్పుతూ ఓ పేజీ దగ్గర ఆగింది. కళ్యాణోత్సవ నాదసేవ. భక్తులు తమ సొంత వాద్యాలతో స్వామిని సేవించుకుని తరించవచ్చు.

"ఇది కొత్తదా బాబూ?"

"నేనే పెట్టించానమ్మా," అన్నాడు హరనాథ్ సిగ్గుపడుతూ. "ఇంకా ఎవరూ కొనలేదు."

"వాయించేవాళ్ళు ఏజెన్సీ వాళ్ళయి ఉండాలా, కంపెనీ వాళ్ళయి ఉండాలా?"

"అబ్బే, వాళ్ళకు ప్రవేశం లేదు. కేవలం భక్తులు."

సౌభాగ్యం మెడలో గొలుసు ఏమైందో పానకాలు తర్వాత ఎప్పుడు అడిగినా ఆమె చెప్పలేదు.

కళ్యాణం నాడు కొండ కిటకిటలాడిపోయింది. వేదిక మీద స్వామి, అమ్మవారు, పట్టుబట్టలు కట్టుకున్న ఈవో గారు. వేదిక పక్కన పట్టా తీసిన మెషీను, దానికి ఛత్రచ్ఛాయ వారి ఆపరేటరు. మెషీను పొద్దున్నుంచీ అదేపనిగా మోగుతోంది. మంత్రాలు వినపడక అర్చకులు సైగలతో పెళ్ళి చేస్తున్నారు. జీలకర్ర బెల్లం అయింది. ఆపరేటరు గడియారం చూసుకున్నాడు. డ్యూటీ అయిపోయింది. మీట ఆపేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు. తర్వాతి షిఫ్టు మనిషి ఇంకా రాలేదు.

అర్చకులు మాంగల్యం పైకెత్తారు. "గట్టిమేళం! గట్టిమేళం!"

ఈవో గారు మెషీను వైపు వేలు చూపించారు. మెషీను ఊరుకుంది. హరనాథ్ మీట నొక్కాడు, గుద్దాడు, చివరికి దండం కూడా పెట్టాడు. వేలమంది చేతుల్లో అక్షింతలు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. అర్చకులు ఎత్తిన మాంగల్యం ఎత్తినట్టే పట్టుకున్నారు. మేళం లేకుండా మూడు ముళ్ళు వేయడం వాళ్ళ వంశంలో లేదు.

భక్తుల వరసలో, టికెట్లు చొక్కా జేబుకు పిన్నుతో గుచ్చుకుని నిలబడ్డ పానకాలు ఏడుకొండలు వైపు చూశాడు. ఏడుకొండలు అప్పటికే పుల్ల ఎత్తాడు.

సన్నాయి, డోలు ఒక్క గొంతుతో లేచాయి. జనం ఒక్కసారిగా గోవిందా అన్నారు. అక్షింతలు వానలా పడ్డాయి. అర్చకుల కళ్ళు నిండిపోయాయి, మూడు ముళ్ళూ పడ్డాయి. పానకాలుకు ఎప్పట్లాగే ఏమీ కనబడలేదు. దరువు వేయవలసిన చోట దరువు ఉంది, ఆ ఒక్కటే తెలిసింది. లోపల నుంచి తన్నుకొచ్చిన సంగతులన్నీ ఊదిపారేశాడు. వాటిని జమ రాసుకునే గుమాస్తా జనంలో ఎక్కడో నిలబడి, చేతులు జోడించి ఏడుస్తున్నాడు.

ఆ వారంలోనే పైఆఫీసుకు నివేదిక వెళ్ళింది. దానిలో ఈవో గారు ఇలా విన్నవించుకున్నారు: "ఇంతవరకు మేళం నిమిత్తం దేవస్థానం వ్యయం చేయుచుండగా, ప్రస్తుత సంస్కరణల ఫలితంగా మేళగాండ్రే దేవస్థానమునకు చెల్లించి వాయించు పరిస్థితి నెలకొన్నదని తెలియజేయుటకు సంతోషించడమైనది."

పైఆఫీసు కూడా సంతోషించింది. ఈవో గారికి శాలువా కప్పారు. హరనాథ్‌ను ఇంకో పెద్ద గుడికి పంపారు. ఇంత మంచి పద్ధతిని మేళానికే పరిమితం చేయడం అన్యాయమని, అన్ని పనులకూ వర్తింపజేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. ఏజెన్సీలు వద్దు, కంపెనీలు వద్దు. దేవుడి పని చేయదలచినవారు టికెట్టు కొని చేసుకోవచ్చు.

ఇప్పుడు దొప్పలకొండ మీద తెల్లవారకముందే సేవా టికెట్ల కౌంటరు దగ్గర పెద్ద క్యూ ఉంటుంది. పానకాలు, ఏడుకొండలు అందరికన్నా ముందు వచ్చి నిలబడతారు. సౌభాగ్యం కట్టిచ్చిన ఇడ్లీలు ఇద్దరూ ఒకే పొట్లంలోంచి తింటూ, నిన్న తాళం తప్పింది నువ్వంటే నువ్వని వాదించుకుంటారు. డబ్బులకు పెళ్ళిళ్ళలో వాయిస్తారు, ఇక్కడికి మాత్రం కొనుక్కుని వస్తారు. వాళ్ళ వెనక గరిటెతో పులిహోర వంటాయన, ఆయన వెనక చీపురుతో చెప్పుల స్టాండు ముసలమ్మ, ఆమె వెనక హారతి పళ్ళెంతో అర్చకులు.

ఓ రోజు క్యూ చివర కొత్త మనిషి కనిపించారు. చంకలో ఫైలు, భుజాన శాలువా. ఉత్తర్వుల్లో అన్ని పనులకూ అన్న మాట తమక్కూడా వర్తిస్తుందని ప్రభంజనరావు గారికి ఆలస్యంగా తెలిసింది. ఆయన వంతు వచ్చింది.

"ఏ సేవ?" అన్నాడు కౌంటరులో టికెట్లిచ్చే గుమాస్తా తల ఎత్తకుండా.

"పరిపాలనా సేవ," అన్నారు ఈవో గారు.

"మీరెవరు? ఏజెన్సీనా, కంపెనీనా? వాళ్ళకు టికెట్టు లేదు."

ఈవో గారు చంకలో ఫైలు సర్దుకున్నారు. ఇందుమూలముగా అని ఏదో మొదలుపెట్టబోయారు గాని అది ముందుకు సాగలేదు. లోపల నుంచి సన్నాయి, డోలు వినబడుతున్నాయి. స్వామి నిద్ర లేస్తున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు త్వరగా కానివ్వమని గొణుగుతున్నారు.

"భక్తుణ్ణి," అన్నారాయన చివరికి, చాలా చిన్న గొంతుతో. అంత సర్వీసులో ఆ మాట అనడం ఆయనకు అదే మొదటిసారి.

"చిల్లర ఉంటేనే ఇవ్వండి," అన్నాడు గుమాస్తా.